కాదని చెప్పే మనిషి

ఇటు రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. గోడకు చేరబడ్డవాళ్ళు కూడా లేచి రండి, దూరం నుంచి వింటే ఈ కథ సగం చెవిన పడి సగం జారిపోతుంది. పాలడెయిరీలో మూతలెత్తే ఆమె కథ ఇది. ఆమెకూ అమ్మా నాన్నా పెట్టిన పేరు ఉండే ఉంటుంది గానీ, డెయిరీలో అందరికీ ఆమె మూతలమ్మే.

పొద్దున్నే లారీల్లో పాల క్యాన్లు వచ్చేవి. సిమెంటు అరుగు మీద వరసగా దింపేవారు. మూతలమ్మ ఒక్కో మూత ఎత్తి, దాని లోపలివైపు ముక్కు దగ్గర పెట్టుకునేది. క్యాను మీదికి వంగేది కాదు, మూతనే వాసన చూసేది. దారి పొడుగునా మూత కింద ఉక్కిరిబిక్కిరైన గాలి అంతా దానికే అంటుకుని ఉంటుంది కదా! ఎత్తీ ఎత్తగానే పసిగట్టాలి. కాస్త ఆలస్యమైతే ఆ వాసన గాల్లో కలిసిపోతుంది. పాలు బాగుంటే "ఊఁ" అనేది. బాగోకపోతే "పక్కన పెట్టు" అనేది. ఆమె "ఊఁ" అన్న పాలు పెద్ద ట్యాంకులోకి పోయేవి. పులిసిన క్యాను ఒక్కటి పొరపాటున అందులో పడిందంటే ఇక ట్యాంకంతా కాలవలోకి వదులుకోవాల్సిందే.

ఇంకాసేపట్లో పులవబోయే పాలు, కిరసనాయిలు డబ్బాలో పోసి తెచ్చిన పాలు, ఉల్లికాడలు మేసిన ఆవు పాలు, అన్నీ ఆమెకు తెలిసిపోయేవి. లారీ డ్రైవర్లు ఆటపట్టించేవారు.

"మూతలమ్మా, నేను నిన్న ఏం తిన్నానో చెప్పుకో చూద్దాం!"

"తిన్నదేంటో చెప్పలేను గానీ బాబూ, స్నానం మాత్రం చెయ్యలేదు."

అరుగంతా గొల్లుమనేది. ఆ అరుగు మీద నిలబడితే ఆమె తల కాస్త పైకి లేచి ఉండేది, ఎవరు మాత్రం కాదంటారు?

అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేమీ కాదు, వచ్చింది, పోయింది. పోతూ పోతూ ముక్కును వెంటబెట్టుకుపోయింది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. అంతకుముందు అతను మెట్లెక్కుతుంటేనే, పొయ్యి వైపు తిరిగి ఉన్నా సరే, డీజిలు వాసనకే "వచ్చారా?" అనేది. జ్వరం తగ్గిన సాయంత్రం అతను వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, దొంగెవడో అనుకుని గరిటె ఎత్తింది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె ముఖం మారిపోయింది. పొయ్యి మీద కూర మాడి నల్లబడి ఉంది. పక్కనే నిలబడి కూడా ఆమెకు తెలియలేదు.

డెయిరీలో ఎవరికీ చెప్పలేదు. రేపటికల్లా వచ్చేస్తుందిలే అనుకుంది. మూతలెత్తింది, అలవాటు కొద్దీ "ఊఁ" అంది. సూపర్వైజరుకు ఎందుకో అనుమానం వచ్చి ఒక క్యానులోంచి కాసిన్ని పాలు గాజు గొట్టంలో పోసి మంట మీద పెట్టాడు. పాలు విరిగిపోయాయి. ఇంకా ట్యాంకులో పొయ్యలేదు కాబట్టి బతికిపోయారు.

మంచి మనిషి, కేకలేమీ వెయ్యలేదు. "చూడమ్మా, వానలు మొదలయ్యేదాకా ప్రతి క్యానూ ఇలాగే కాచి చూసుకుంటూ ఎలాగో నెట్టుకొస్తాం. ఆలోపు నీ ముక్కు తిరిగొస్తే నీ చోటు నీదే. ఆ తరవాత పైవాళ్ళు పంపే మనిషికి ఇచ్చెయ్యాలి. నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఆమెను క్యాన్లు కడిగే చోటుకు మార్చారు. చాకలిసోడా కలిపిన వేడి నీళ్ళలో మోచేతుల దాకా ముంచి రుద్దడమే పని. చేతులు ఎర్రగా కమిలి, వేళ్ళ సందుల్లో తోలు ఊడేది. అదేమంత బాధ అనిపించలేదు ఆమెకు. అరుగు మీదనుంచి క్యాన్లు దింపే చప్పుడు వినిపించినప్పుడల్లా గుండె అక్కడికి పరుగెత్తేది, మనిషి మాత్రం ఆవిరిలో కూలబడి ఉండేది.

డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. నాలుగు సీసాల్లో నాలుగు రకాలు పెట్టుకుని, కళ్ళకు గుడ్డ కట్టుకుని, పొద్దునా సాయంత్రం వాసన చూడమంది. "రావచ్చు, రాకపోవచ్చు. మానేస్తే మాత్రం రాదు" అంది. లవంగాలు, కాఫీపొడి, నిమ్మతొక్క, వెల్లుల్లి తెచ్చిపెట్టుకున్నారు. మూతలమ్మ మనసులో మెట్లు కట్టుకుంది. ముందు సీసాలో ఏదో ఉందని తెలియాలి. ఆ తరవాత ఒక్కదాని పేరన్నా చెప్పగలగాలి. ఆపైన నాలుగూ చెప్పాలి. చిట్టచివరి మెట్టు అరుగు. రోజూ పళ్ళు తోముకుంటూ ఇదే గొణుక్కునేది.

భర్త సీసా పట్టుకునేవాడు. ఆమె పీల్చి పీల్చి, "ఏమీ లేదండీ" అనేది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒకరోజు కళ్ళగుడ్డ పీకి విసిరేసి, "నా ముక్కు చచ్చిపోయింది, దానికి దినం పెట్టండి!" అని నేల మీద పడి ఏడ్చింది. అతను పక్కనే కూర్చుని వీపు నిమిరాడు.

ఆ సాయంత్రం బతిమాలి మళ్ళీ గుడ్డ కట్టాడు. సీసా పెట్టాడు. "లవంగమా?" అంది ఆమె నీరసంగా.

"అవును!" అన్నాడు.

"నిజంగా?"

"అవునే, లవంగమే!"

ఆమె ముఖం ఎలా వెలిగిందంటే, అతను ఆ వెలుగు చూస్తూ సీసాకు మూత పెట్టడం కూడా మరిచిపోయాడు. అక్కణ్ణుంచి ఇక మెట్టు మీద మెట్టు. ఒకటి చెప్పింది, రెండు చెప్పింది, వేసవి సగం గడిచేసరికి నాలుగూ చెప్పేసింది. పొయ్యి దగ్గర మళ్ళీ కూనిరాగాలు తీసింది. సోడానీళ్ళు కూడా చల్లగా అనిపించాయి. తనకు సన్నగా, దూరంగా, కలలో వచ్చినట్టు వాసన తగులుతోందని నిజంగానే అనుకుంది. అనుకుంటే రాదా మరి! ఆశ ఎక్కడెక్కడో దూరుతుంది, ముక్కులోనూ దూరుతుంది.

సూపర్వైజరు దగ్గరికి వెళ్ళి, "చూసుకోండి సార్, వచ్చేసింది" అంది.

అతను మూడు క్యాన్లు వరసగా పెట్టించాడు. వాటిలో ఒకటి పులిసినది. ఆమె మొదటి మూత ఎత్తింది. ఏమీ తగల్లేదు. రెండోది, ఏమీ తగల్లేదు. మూడోదీ అంతే. భయం వల్ల ఇలా అవుతోంది, ఇంట్లో నాలుగూ చెబుతున్నాను కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని, రెండోదాన్ని చూపించి, "పక్కన పెట్టు" అంది. గొట్టంలో పోసి కాచారు. రెండోది విరక్కుండా నిలిచింది. మొదటిది విరిగింది.

"ఇంకొక్కసారి చూద్దాం. వానలకు ముందు ఒక్కసారే" అన్నాడు సూపర్వైజరు, ఆమె వైపు చూడకుండా.

ఇంటికొచ్చి గడపలోనే కూలబడింది. "భయంతో పోయిందండీ. ఇంట్లో నాలుగుకి నాలుగూ వచ్చేవి కదా, అక్కడికెళ్ళేసరికి చేతులూ కాళ్ళూ ఆడలేదు." భర్త తల వంచుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇక ఇక్కడ అత్తగారి గురించి చెప్పాలి. ఆ ఇంట్లో ఒక మూల మంచం, ఆ మంచం మీద అత్తగారు. కోడలు కూరలో ఉప్పెక్కువ వేస్తే మూడు వీధులకు వినపడేలా చెప్పేది, సరిగ్గా వేస్తే ఏమీ అనేది కాదు. ఇద్దరికీ పెద్దగా పొత్తు కుదరలేదు. ఆవిడ మంచం మీదనుంచే అంది:

"ఏం నాలుగే? నిన్న వాడు కాఫీపొడి పెడితే నువ్వు నిమ్మ అన్నావు. వాడు అవునన్నాడు. ఇల్లంతా కాఫీ గుప్పుమంటుంటే నాకు తెలీదా? నా ముక్కు బానే ఉందిగా!"

మూతలమ్మ భర్త వైపు చూసింది. "ఏమండీ?"

"నువ్వు నేల మీద పడి ఏడుస్తుంటే..." అన్నాడు అతను. "నువ్వొక్కసారి నవ్వితే చాలనుకున్నానే. తరవాత ఎలా ఆపాలో తెలీలేదు."

"ఒక్కటన్నా నిజంగా చెప్పానా?"

అతను గోళ్ళలోని గ్రీజు గీక్కున్నాడు.

"ఒక్కటన్నా?"

"గుర్తుపెట్టుకోలేదే."

చూశారా, కొట్టినా తిట్టినా ఓర్చుకునేదేమో. కట్టుకున్న మెట్లన్నీ గాలిలో కట్టినవి. ఎక్కానని మురిసినది ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కడ నిలబడి ఉందో కూడా ఆమెకిప్పుడు తెలియదు. మొదటి రోజుకన్నా ఘోరం కాదూ! మొదటి రోజు సున్నా అని అయినా తెలుసు. లేచి నాలుగు సీసాలూ ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించుకుని పీల్చింది, కళ్ళకు గుడ్డ లేకుండానే. ఎదురుగా కనిపిస్తున్న లవంగాలు కూడా ఆమెకు ఏ కబురూ చెప్పలేదు. సీసాల మూతలు ఒక్కొక్కటే బిగించింది.

తరవాత అత్తగారి వైపు తిరిగింది. "మీకు తెలిసీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నారేం?"

"మొగుడూ పెళ్ళాల మధ్య నాకేం పని? నన్నెవరు అడిగారు?"

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. రేపట్నుంచి సీసా మీరే పట్టుకోండి అత్తయ్యా."

అత్తగారు ఎగాదిగా చూసింది. "నేనెందుకే?"

"నన్ను సంతోషపెట్టాలని మీకెప్పుడూ అనిపించదు కదా. అందుకు."

ఆవిడ దుప్పటి మీదికి లాక్కుని, "ఇదొకటి పొగడ్త మళ్ళీ!" అంది. కానీ పొద్దున్నే లేచి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లవంగం."

"కాదు."

"నిమ్మ."

"కాదు. వెల్లుల్లినే నిమ్మంటావేంటే, నీ ముక్కుకు కళ్ళజోడు పెట్టాలి!"

ఒక్కోసారి ఖాళీ సీసా కూడా పెట్టేది ఆ మహాతల్లి. అందులో కాఫీ వాసన వస్తోందని కోడలు చెబితే పగలబడి నవ్వేది. రోజులు కాదు కాదు అంటూనే గడిచాయి. మెకానిక్కు బయట మెట్ల మీద కూర్చుని వినేవాడు. లోపల "కాదు" అన్నప్పుడల్లా దెబ్బ తన మీద పడ్డట్టు భుజాలు ముడుచుకునేవాడు. కోడలు కళ్ళగుడ్డ కింద ఏడ్చేది, గుడ్డ తడిసేది, అత్తగారు ఆరేసిన గుడ్డ తెచ్చి మార్చి కట్టేది. "ఏడువు, ఏడిస్తే ముక్కు కడిగినట్టవుతుంది" అనేది. ఓదార్పు మాట ఒక్కటంటే ఒక్కటీ రాలేదు ఆవిడ నోట.

ఆకాశం నల్లబడుతున్న రోజుల్లో, ఒక పొద్దున మూతలమ్మ ఊపిరి బిగబట్టి ఆగింది. "ఇందులో... ఏదో ఉంది. ఏంటో తెలీదు. కానీ ఉంది."

అత్తగారు ఆ సీసా తీసి ఇంకోటి పెట్టింది.

"ఇందులో లేదు."

"ఇది ఖాళీది" అంది అత్తగారు. గొంతు సవరించుకుని, "మురిసిపోకు. పేరు చెప్పలేదు నువ్వింకా" అంది.

అది మొదటి మెట్టు. ఎక్కడానికి వేసవంతా పట్టింది. ఇంకా మూడున్నాయి, బయట మొదటి చినుకులు పడుతున్నాయి.

వెళ్ళక తప్పలేదు. అరుగు మీద మూడు క్యాన్లు. డ్రైవర్లంతా లారీలు దిగి వచ్చి నిలబడ్డారు, ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. పైవాళ్ళు పంపిన మనిషి గొడుగు ముడుచుకుని ఒక పక్కన ఉన్నాడు. మూతలమ్మ మొదటి మూత ఎత్తింది. ఉంది, ఏదో ఉంది. రెండోదాంట్లోనూ ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. పాలంటే ఏదో ఒక వాసన ఉండనే ఉంటుంది కదా, అందులో పులుపేది? గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే గొంతు వినబడుతుంది గానీ మాట తెలియదు చూడండి, అలా ఉంది ఆమె పరిస్థితి.

తలెత్తి చూసింది. స్నానం చెయ్యలేదని ఆమె నవ్వులపాలు చేసిన ఆ డ్రైవరే, సూపర్వైజరు వెనక నిలబడి, కళ్ళతో మూడో క్యాను చూపించాడు; ఆ క్యాన్లు దింపింది అతనే. మళ్ళీ చూపించాడు. పాపం, అతని కళ్ళలో ఎంత ఆరాటమో! ఒక్క మాట చాలు. "పక్కన పెట్టు" అని మూడోదాని మీద చెయ్యి వేస్తే చోటు తనది. సోడానీళ్ళు ఉండవు, తల మళ్ళీ పైకి లేస్తుంది. చెయ్యి ముందుకు కదిలింది కూడా.

మరి రేపు? రేపు కళ్ళతో చూపించేవాడు ఉండడు. రేపు "ఊఁ" అన్న పాలు ఎవరింట్లోనో పసిపిల్ల గ్లాసులోకి పోతాయి.

"తెలీట్లేదు సార్" అంది.

సూపర్వైజరు, "ఇంకోసారి చూడమ్మా, తొందరేం లేదు" అన్నాడు.

"ఎన్నిసార్లు చూసినా అంతే సార్. ఏదో ఉందని తెలుస్తోంది. ఏంటన్నది తెలీట్లేదు." మూత జాగ్రత్తగా మూసి, అరుగు దిగింది. గొడుగు మనిషి అరుగెక్కాడు. ఆ రోజు కడిగే చోట ఆమె ఎన్ని క్యాన్లు రుద్దిందో ఆమెకే తెలియదు. కన్నీళ్ళూ సోడానీళ్ళూ కలిసి ఏవి ఏవో పోల్చుకోలేనంతగా ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి మెకానిక్కు ఎదురొచ్చి, ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. అత్తగారు మంచం మీదనుంచి, "ఏమైంది?" అంది.

"పోయింది అత్తయ్యా. చోటు పోయింది."

ఈసారైనా ఆవిడ ఒక మంచి మాట అంటుందేమోనని కొడుకు చూశాడు. అత్తగారు సీసా మూత తిప్పుతోంది. "కూర్చో. గుడ్డ కట్టుకో."

"ఇంకెందుకు? ఎవరికోసం?"

"చోటు పోతే ముక్కు కూడా పారేస్తావా? ఇది చెప్పు."

మూతలమ్మ తడిచీరతోనే నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు పీల్చింది.

"ఉంది" అంది. "కాఫీ."

"కాదు" అంది అత్తగారు. "మళ్ళీ చూడు."

ఇంతే కథ. గుర్తుపెట్టుకోండి నాయనా, మీ పిల్లలకూ పక్కింటివాళ్ళకూ చెప్పండి. ఒక్కటే నేనడిగేది. వినేవాళ్ళు ముఖం వేలాడేశారని జాలిపడి, చివర్లో ఆమెకు ముక్కు తెప్పించి అరుగెక్కించెయ్యకండి. ఆవిడ "కాదు" అన్న చోటే ఆపండి.