పోగు తెగినచోట

నూరియా చనిపోయిందని మా మనవరాలు దీప్తి ఫోను చూసి చెప్పినప్పుడు, ఒలుస్తున్న చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. స్పెయిన్ దేశపు పిల్ల. పాటలు తనే కట్టి తనే పాడేది. దీప్తి పుట్టకముందు మా జాండ్రపేట వచ్చి, మా ఇంట్లో గుంటమగ్గం పక్కన గిటారు పెట్టుకుని కూర్చుంది. మిరపకాయ బజ్జీ తిని, కళ్లనీళ్లు కారుతుంటే ఇంకోటి పెట్టమని చెయ్యి చాపింది.

మా ఆయన పానకాలు నేస్తుంటే మగ్గం దెబ్బకు తగ్గట్టు పాడింది. మధ్యలో పోగు తెగింది. ఆయనకు అప్పటికే చూపు మందగించింది.

"ఏమేవ్, పోగు తెగింది, లైటు పట్టు!" అని కేకేశాడు.

"వస్తున్నా" అంటూ రాట్నం వదిలి వెళ్లాను. ఆయన పోగు అతికేదాకా ఆ పిల్ల కూడా పాట ఆపేసి, మగ్గం కదలగానే మళ్లీ అందుకుంది. అంతా ఓ చిన్న రికార్డింగు మిషన్లో పట్టుకుంది. ఆ కేక కూడా పాటలో ఉంచుతానని వెంట వచ్చిన తెలుగాయన చేత చెప్పించింది.

"చూశారా, నాకంటే ముందు నా గొంతు విమానం ఎక్కుతోంది!" అని మా ఆయన పేటంతా చెప్పుకున్నాడు.

ఆయన పోయాక మగ్గం అమ్మేశాం, గుంట పూడ్చి బండలు పరిచాం. ఫొటో ఉంది గానీ గొంతు ఎక్కడా లేదు. ఆ పాటలో ఉందిలే అనుకుంటూ బతికాను.

"ఆ పాట వెతకవే తల్లీ" అన్నాను.

దొరికింది. టక్, టక్. మా మగ్గమే! తొక్కుడుచెక్క కిర్రుమనడం కూడా వినిపించింది. ఠక్కున ఆగింది. ఫోను చెవికి ఆనించుకున్నాను. ఏమీ లేదు. కాసేపటికి మళ్లీ మగ్గం.

"సౌండు పెంచవే."

"ఫుల్లుగానే ఉంది నానమ్మా. తాతయ్య మాట తీసేశారు. ఆ ఖాళీ ఒక్కటే ఉంచారు."

నా మొహం చూసి దీప్తి ఓ వీడియో పెట్టింది. నూరియాను సాగనంపుతున్నారు. వీధి నిండా జనం ఆ పాటే పాడుతూ, మా మగ్గం దెబ్బకే చప్పట్లు కొడుతున్నారు. ఒకచోట అందరూ ఒక్కసారిగా ఆగారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. ఎందుకు ఆగాలో వాళ్లకేం తెలుసు? ఆయన పోగు అతికేంత సేపు, అంతమందీ నోరు మెదపకుండా నిలబడ్డారు.

"వస్తున్నా" అనేశాను.

"ఎవరితో నానమ్మా?" అంది దీప్తి.

చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి.