పెలికాన్ రొమ్ము మీద మూడు చుక్కలు

మలేషియాలోని సుంగై సిపుట్ బజారులో పువనేశన్ ఎంబ్రాయిడరీ కొట్టుకి ఆ ఆర్డరు వచ్చినప్పుడు అదేం పెద్ద పని అనుకున్నారు అందరూ. ఊళ్ళోని పాత మిషన్ బడికి నూరేళ్ళు నిండుతున్నాయి. శనివారం వేడుక. పాత విద్యార్థుల కోట్ల మీదికి నూట ఎనభై బ్యాడ్జీలు కావాలి. బడి గుమాస్తా రూబన్ పోయినసారి కుట్టించిన బ్యాడ్జి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, అచ్చం ఇలాగే ఉండాలని చెప్పి వెళ్ళిపోయాడు.

బొమ్మని కంప్యూటర్లో గీసి కుట్టు మిషన్‌కి అందించే పని శాంతాదేవిది. ఆమె ఆ బ్యాడ్జిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. డాలు బొమ్మ, దాని మధ్యలో ఒక తెల్ల పక్షి. బాతు అందామంటే మెడ పొడవు, కొంగ అందామంటే కాళ్ళు లేవు. తల వంచి తన రొమ్మునే పొడుచుకుంటోంది. కింద మూడు ఆకులు.

"పేలు సూసుకుంతంది లా," అంది నూకమ్మ, ఆ ఊరి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి. నూకమ్మ శాంతకి మేనత్త. మిషన్ మీంచి దిగిన ప్రతి ముక్కకీ మిగిలిన దారప్పోగులు కత్తిరించే పని ఆమెది. ముప్పై ఏళ్ళుగా అదే స్టూలు, అదే పని.

శాంతకి నవ్వొచ్చింది కానీ మనసొప్పలేదు. ఏం పక్షో తెలియకుండా రెక్క ఎటు గియ్యాలి? మధ్యాహ్నం మోటారుసైకిలేసుకుని బడికి వెళ్ళింది. సభా మందిరంలో వేదిక పైన పాత చెక్క డాలు ఒకటి వేలాడుతోంది. అదే పక్షి, కానీ దీని రొమ్ము మీద మూడు ఎర్ర చుక్కలున్నాయి. ఆకులు ఆకులు కావు, నోళ్ళు తెరిచిన మూడు పిల్లలు.

నూరేళ్ళ పుస్తకం రాయడానికి అక్కడే కూర్చున్న రిటైరైన చరిత్ర మాస్టారు పకీరిసామి ఆమెని చూసి సంతోషపడ్డాడు. ఇన్నేళ్ళలో దాని గురించి అడిగినవాళ్ళే లేరట. అది పెలికాన్ అని చెప్పాడు. పిల్లలు ఆకలికి చచ్చిపోతుంటే తల్లి పెలికాన్ రొమ్ము చీల్చుకుని నెత్తురు తాగిస్తుందని పూర్వం ఐరోపాలో నమ్మేవారట. నిజం కాదు. కానీ క్రైస్తవులు అందులో తమ ఏసుని చూసుకున్నారు. మొదట గుడి గోడల మీద చెక్కారు, తర్వాత బిషప్పులూ జమీందార్లూ కాలేజీల వాళ్ళూ తమ డాళ్ళ మీదికి ఎక్కించుకున్నారు. గీసినవాళ్ళలో చాలామంది పెలికాన్ని చూసి ఎరగరు. అందుకే ఒక డాలు మీద గద్ద ముక్కు, ఇంకోదాని మీద హంస మెడ. ఎలా గీసినా ఆ చుక్కలూ ఆ పిల్లలూ మాత్రం వదిలేవారు కాదు. ఈ బడి పెట్టిన పాదిరీ ఆ డాలుని ఓడలో వెంట తెచ్చాడు.

"వాళ్ళు చూడకుండా గీశారు. మనవాళ్ళు చూస్తూ చెరిపేశారు," అన్నాడు మాస్టారు.

శాంత అప్పుడే నిశ్చయించుకుంది, ఈసారి ఈ పక్షి సరిగ్గా రావాలని. ఆరేళ్ళుగా ఆమె కుట్టినవన్నీ వేరేవాళ్ళు ఇచ్చిన నకళ్ళకి నకళ్ళే.

అక్కణ్ణించి మొదలైంది తిరుగుడు. హెడ్‌మిస్ట్రెస్ వేడుక కమిటీని అడగమంది. కమిటీ పెద్ద తంగరాజు, పండగ పూట కోటు మీద నెత్తురేమిటని విసుక్కున్నాడు. కొట్టు యజమాని పువనేశన్, మూడు చుక్కల కోసం ప్రతి విడతకీ రంగు మార్చాలా అని తమిళంలో గొణిగాడు. శాంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బడికి నాలుగుసార్లు వెళ్ళి నిలబడింది. నాలుగోసారి హెడ్‌మిస్ట్రెస్ విసిగిపోయి కాగితం మీద సంతకం పెట్టింది. బుధవారం మిషన్ మొదలైంది. మొదటి విడత దిగగానే శాంత ఒక ముక్క తీసుకుని వేలితో తడిమింది. బియ్యపుగింజంత చుక్కలు, వరసగా మూడు.

గురువారం పొద్దున్న కొట్టుకి దారాలు కొనడానికి పక్క పట్నం ఇపో వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నూకమ్మ పూర్తయిన బ్యాడ్జీలన్నీ దొంతర్లు పెట్టి నడుం పట్టుకుని కూర్చుంది.

"ఎక్కడిదో ఎర్ర దారం అన్నిటికీ అంటేసింది సాంతా. ఒక్కటి ఒగ్గనేదు. కళ్ళు పీకేసినాయి."

శాంత పై ముక్క తీసింది. తెల్లటి రొమ్ము. కింద ముక్క తీసింది. తెల్లగానే ఉంది. నూకమ్మ పనితనం అలాంటిది, కోసిన గుర్తు కూడా లేదు. తెల్ల గుడ్డ మీద వేరే రంగు పోగు కనిపిస్తే కోసెయ్యాలన్నది కొట్టులో మొదటి రూలు. శాంతకి అది నేర్పింది కూడా ఆ అత్తే. హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పింది, కమిటీకి చెప్పింది, ముదలాళి పువనేశన్‌కి చెప్పింది శాంత. పక్క స్టూలు మీద కూర్చున్న మనిషికి చెప్పాలని తోచనేలేదు.

ఇప్పుడు చెప్పింది. నూకమ్మ అంతా విని తన చేతులకేసి చూసుకుంది.

"పిల్లలకి తాగించే నెత్తురా అది?"

మిషన్ మీదికి అప్పటికే ఫ్యాక్టరీ యూనిఫారాలు ఎక్కించేశారు. నూట ఎనభై మళ్ళీ కుట్టించడం కుదరదన్నాడు పువనేశన్. అత్తా కోడలూ చుక్కల్ని చేత్తో కుట్టడం మొదలుపెట్టారు. ఒక్కో చుక్కకీ ఎర్ర దారంతో రెండు ముళ్ళు. రూబన్ ఐదింటికి వ్యాను వేసుకొచ్చేసరికి నలభై అయ్యాయి.

అతను రెండు దొంతర్లనీ మార్చి మార్చి చూసి తంగరాజుకి ఫోన్ చేశాడు. శాంత ఆ సంతకం పెట్టించుకున్న కాగితం చూపించింది. హెడ్‌మిస్ట్రెస్ కౌలాలంపూర్ మీటింగులో ఉందనీ, కోట్ల సంగతి చూసేది తంగరాజేననీ అన్నాడు రూబన్. అన్నీ ఒకే రకంగా, చుక్కల్లేకుండా ఉండాలట. రూబన్ కత్తెర తీసి నూకమ్మ ముందు పెట్టాడు.

"ఈ నలభైకీ కూడా తీసేయండి ఆంటీ, ఐదు నిమిషాల పని."

నూకమ్మ కత్తెర ముట్టుకోలేదు.

"పొద్దున తెలీక కోసినాను బాబూ. ఇప్పుడు తెలిసి కొయ్యమంతావేటి?"

రూబన్ తనే ఒకటి తీసుకుని గోటితో లాగాడు. చుక్క రాలేదు గాని రొమ్ములోంచి తెల్ల దారం పోగుపోగుగా ఊడొచ్చింది. మధ్యలో పువనేశన్ అడ్డుపడ్డాడు. ఆ నలభై ఇక్కడే ఉంచి తక్కినవి పట్టుకెళ్ళమనీ, రేపు పొద్దున్న చుక్కల్లేని నలభై పంపిస్తాననీ మాటిచ్చాడు. వ్యాను వెళ్ళిపోయింది.

"ఎరుపు తీసెయ్ లా," అన్నాడు పువనేశన్ శాంతతో.

ఆమె కంప్యూటర్ తెరిచింది. ఎరుపు మీద వేలుంచి నొక్కితే మూడు చుక్కలూ పోయాయి. తెర మీద తల్లి అలాగే మెడ వంచి రొమ్ములో ముక్కు గుచ్చుకుని ఉంది. కింద పిల్లలు మూడూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ముదలాళీ, వీటి నోళ్ళు కూడా మూసెయ్యనా?"

పువనేశన్‌కి అర్థం కాలేదు. ఏదో ఒకటి చేసి త్వరగా కానివ్వమన్నాడు.

శాంత నోళ్ళు ముయ్యలేదు. అలాగే మిషన్‌కి పంపించింది.