తిరగలి ఎదురు తిరిగిన రోజు

నా జోడును చంపింది దాలమ్మ. అందులో రెండో మాట లేదు.

నేను ఒక తిరగలికి కింది రాయిని. ఒకే బండను రెండు చేసి మమ్మల్ని చెక్కారు. తిరగడం ఆమె వంతు, కదలకుండా భరించడం నా వంతు. పలాసలో దాలమ్మ ఇంటికి వచ్చి చోళ్లు, ఉలవలు విసిరాం. మా చప్పుడు ఎవరూ వినేవారు కాదు. దాని చాటున మాట్లాడుకునేవారు.

దాలమ్మకు ఇద్దరు కోడళ్లు. పెద్దది రూపవతి ఖరగ్‌పూర్‌లో పెరిగింది, బెంగాలీ వచ్చు. చిన్నది కుంతల బరంపురంలో పెరిగింది, ఒడియా వచ్చు. ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టి విసిరేవారు. తెలుగులో గుసగుసలాడితే అత్త వింటుంది. సంతల్లో తిరిగిన మనిషి కాబట్టి ఒడియా కూడా పట్టేస్తుంది. అందుకని ఇద్దరూ కలిసి ఒక భాష కట్టారు. బెంగాలీలో గాలివాన ఝొడ్, అత్త ఝొడ్డయింది. ఒడియాలో మేక ఛెళి, మొగుళ్లిద్దరూ ఛెళిలయ్యారు. 'వద్దు'కు మాత్రం ఏ భాషనూ అడగలేదు. మా దగ్గర తీసుకున్నారు. పిడిని అర చుట్టు వెనక్కి తిప్పితే వద్దని. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

"ఏటే ఆ కిచకిచలు?" అనేది దాలమ్మ.

"పాటలత్తా," అనేది కుంతల.

"ఏ దేశం పాటలే అవి?"

ఒక ఉదయం రూపవతి ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టి "గొడి" అంది. ఒడియాలో గులకరాయి. కుంతల చెయ్యి ఆగిపోయింది. అత్తకు చెబుదామంది, ఆ భాషలోనే. రూపవతి పిడి వెనక్కి తిప్పింది. అడిగినప్పుడల్లా తిప్పింది. రోజులు గడిచాయి, గడ్డ పెరిగింది. రాయిని, నాకే భయమేసింది.

తిరగలిని ఎదురు తిప్పితే ఇంటికి అరిష్టమని ఆ ఇంట్లో నమ్మకం. ఒకరోజు దాలమ్మ చూసేసింది.

"ఒలమ్మో! ఎదురు తిప్పుతారేటే? కొంప కూలిపోవాలనేటి?"

పై రాయిని ఊడబెరికి మెట్టు మీద కుదేసింది. రెండు ముక్కలు.

చప్పుడు పోయింది. కుంతల రూపవతి వంక చూసింది. రూపవతి చెయ్యి పిడి కోసం వెతికి గాలిలో ఆగిపోయింది. వద్దనడానికి ఏమీ లేదు.

"అత్తా, అక్క రొమ్ములో గడ్డుంది," అంది కుంతల, మామూలు తెలుగులో.

దాలమ్మ కూలబడింది. వెంటనే లేచింది.

"నడవండే ఇశాపట్నం. ఏడుపులు తరవాత."

రూపవతి బతికింది. రొమ్ము పోయింది, మనిషి మిగిలింది. నేనిప్పుడు నూతి దగ్గర పడి ఉన్నాను. ఆమె నా పక్కన పీట వేసుకుని, కొత్తగా వచ్చిన జుట్టు ఆరబెట్టుకుంటుంది. కుంతలకు వద్దని చెప్పాలంటే అరచేత్తో నా మీద వెనక్కి సున్నా చుడుతుంది.

మొన్న దాలమ్మ అడిగింది: "ఆ బాసలో నానెవుల్నే?"

"గాలివానవత్తా."

"బాగెట్టినారు," అని నవ్వింది. ముగ్గురూ నవ్వారు.

నాకూ తేలికైంది, ఒప్పుకుంటాను. ఆ రోజు ఆ రాయి పగలకపోతే రూపవతి ఉండేది కాదని నాకు తెలుసు. తెలిసినా దాలమ్మను క్షమించలేదు. నా జోడు సంగతి ఇంకెవరూ అడగొద్దు. చెప్పను.