తళతళ గారి గొట్టాలు

వడపోత షెడ్డు పెద్దాయనను ఫ్యాక్టరీలో అందరూ తళతళ గారనే పిలిచేవారు. పొద్దున్నే దీపపు కుందె తోమి, దేవుడికి దండం పెట్టుకుని, ఆ చేత్తోనే వచ్చి షెడ్డు తాళం తీసే మనిషి. కొలిమి నుంచి వచ్చే వేడికి పొగను వడకట్టే గుడ్డ సంచులు కాలిపోతాయి గనక, అక్కడ కంటికి ఆనని కన్నాలున్న లోహపు గొట్టాలు వేలాడదీశారు. గాలి వాటిలోకి దూరి పొగగొట్టానికి పోతుంది. దుమ్ము బయటే ఆగిపోతుంది.

తనిఖీ అధికారి వస్తున్నాడని యజమాని కబురు పెట్టాడు.

"పొగగొట్టం పైన దుమ్ము కనబడిందో, ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. అంతకంటే ముందు నీ షెడ్డు తాళంచెవి నా చేతికొస్తుంది" అన్నాడు.

తళతళ గారు షెడ్డుకి పరుగెత్తారు. ఆ షెడ్డే ఆయన పరువు.

కొలిమి ఆపి గొట్టాలు దింపిస్తే, ఒక్కోదాని మీదా బూడిదరంగు పొర. వాటి బాగోగులు చూసే ఫిట్టరు స్వయానా ఆయన బావమరిది.

"ఏరా, ఇన్నాళ్లూ నువ్వు చేసిన శుభ్రం ఇదేనా?"

"గాలి కొట్టి దులుపుతూనే ఉన్నా బావా. అంటుకున్నది ఎలాగూ అంటుకుంటుంది. పోయిన తనిఖీకీ ఇలాగే వదిలేశా, గట్టెక్కలేదూ?"

"అది దేవుడి దయరా. నీ బద్ధకం మహిమ కాదు."

"మా అక్క నీతో ఎలా వేగుతోందో! పాపం, ఈ గొట్టాలకి నోరు కూడా లేదు."

తళతళ గారు చొక్కా చేతులు పైకి మడిచి, దగ్గరుండి కడిగించారు. గొట్టాలు కొత్త పెళ్లికూతుళ్లలా మెరిశాయి.

అధికారి వచ్చాడు. కొలిమి రాజుకుంది. పొగగొట్టం ఒక్కసారి దగ్గి, బూడిదరంగు మేఘాన్ని కక్కింది. అది తీరిగ్గా దిగివచ్చి తళతళ గారి తెల్లచొక్కా మీద వాలింది.

"ఎవడి నిర్వాకం ఇది?" అంటూ యజమాని ఫిట్టరు వైపే చూశాడు. అతని బద్ధకం ఊరంతటికీ తెలుసు. తళతళ గారు నోరు మెదపకపోతే చాలు. కానీ పొద్దున దండం పెట్టిన చేతులు ఇంకా తన వొంటికే ఉన్నాయాయె.

"నేనేనండి. కడిగించింది నేనే."

అధికారి నవ్వాడు. "మరీ కడిగేశారు. పైన పొర పట్టాకే అసలు వడపోత. దుమ్మును ఆపేది ఆ దుమ్మేనండీ. కాస్త మురికి పట్టనివ్వండి, చూద్దాం."

అందరూ టీ తాగుతూ కూర్చున్నారు. కప్పులు ఖాళీ అయ్యేసరికి పొగగొట్టం పైన ఆకాశం తేటపడింది. అధికారి సరేనని వెళ్లిపోయాడు. యజమాని మాత్రం మాట తప్పలేదు. తాళంచెవి తీసుకుని ఫిట్టరు చేతిలో పెట్టాడు.

"గొట్టాల జోలికి పోకుండా ఇన్నాళ్లూ కాపాడింది ఇతనే" అన్నాడు.

"నువ్వేమో బద్ధకం అన్నావు బావా," బావమరిది చెవిలో గొణిగాడు. "దాన్ని అనుభవం అంటారట."

మర్నాడు మసిపట్టిన కుందెను చేతిలోకి తీసుకుని తళతళ గారు ఆగిపోయారు.

"స్వామీ, నా మనసులో మురికంతా కడిగెయ్యమని రోజూ మొక్కాను. కొంచెం నువ్వే ఉంచేశావా? లేక నీకూ బద్ధకమేనా?"

వంటింట్లోంచి భార్య కేకేసింది. "తమ్ముడు అంతా చెప్పాడులెండి! ఆ వంక పెట్టి కుందె తోమకుండా లేచారంటే ఊరుకోను!"

తళతళ గారు పీచు అందుకున్నారు.