చావు కబుర్ల గ్రూపులో చీరల మెసేజీ

ఏప్రిల్ తొమ్మిది రాత్రి సోమలింగం ఇంట్లో జొన్నరొట్టెలు, వంకాయ కూర. రెండో రొట్టె తుంచుతుండగా గూట్లో ఉన్న భార్య ఫోన్ మోగింది. ఆమె పోయి ఏడాదైనా ఆ నంబరు ఆగిపోకుండా ఆయన రీచార్జ్ చేయిస్తూనే ఉన్నాడు.

"భాగీరథి గారూ, మీ కోసమే కొత్త చీరలు" అని మెసేజీ. పంపింది ఎదురుగా కూర్చున్న కూతురు హారతే. ఇంటి నుంచే ఫోన్లో చీరలు అమ్ముతుంది.

మరమగ్గాల పేట నవాగామ్‌లోని పద్మశాలీలకు చావు కబుర్లు చెప్పుకోవడానికే ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులోని పేర్లు, నంబర్లన్నీ హారతి ఒక సాఫ్ట్‌వేర్‌తో లాగి, పొద్దుటి నుంచి విడతలుగా ఒక్కొక్కరి పేరుతో ప్రకటన పంపుతోంది.

"గ్రూపుల నంబర్లు అందరు గిట్లనే తీస్కుంటరు బాపూ. ధందా గట్లనే నడుస్తది. అమ్మ నంబరు అండ్ల ఉంటదని యాదికి రాలే."

"అమ్మకొస్తే రానీ బిడ్డా. పొద్దుగాల నుంచి నలభై మంది గ్రూపు ఎందుకు ఇడిచిపెట్టిండ్రో ఇప్పుడు సమజైంది. అమ్మ పోయిననాడు బట్ట నేసే సాంచలు బంద్ జేసి వచ్చినోళ్లు ఆ గ్రూపు చూసే వచ్చిండ్రు గద. రేపు ఎవలన్న పోతే పాడె మోసెటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

హారతి చేయి కడుక్కుని జాబితా చెరిపేసి, వెళ్లిపోయినవాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేయసాగింది.

"చీర మంచిగనే ఉన్నది గని, చావు గ్రూపుల అమ్ముడేందే?" అని ఒక ముసలావిడ నవ్వి, మళ్లీ చేరతానంది.

సోమలింగం భార్య ఫోన్లోని మెసేజీని మాత్రం చెరపలేదు. బతికినన్నాళ్లూ ఆమెను గారూ అని పిలిచినవాళ్లు లేరు. ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి, ఇంకా మాట్లాడుతున్న కూతురికి వీధి చప్పుడు అడ్డం రాకుండా వీధి తలుపు మెల్లగా మూశాడు.