మళ్లీ వంగిన పుష్‌రాడ్

ఆ ఏడు వానల్లేక ఇటిక్యాలలో జమ్ములమ్మ మిరపచేను వాడిపోతోంది. బావి మీది డీజిల్ ఇంజను ఆగి మూడు రోజులైంది. అందులో వంగిన పుష్‌రాడ్ అనే సన్నని ఇనుప కడ్డీని రోటి మీద పెట్టి రెండుసార్లు సుత్తితో సాపు చేసింది. రెండుసార్లూ మళ్లీ వంగింది. చివరకు దాన్ని కొంగులో చుట్టుకుని గద్వాల బస్సెక్కింది.

మెకానిక్ ఖాజా దాన్ని అద్దం పలక మీద దొర్లించాడు. అది ఎగిరెగిరి పడింది.

"ఏందక్కా, పారకర్ర అనుకొని కొట్టినవా?"

"పరాచకాలొద్దన్నా. కొత్తదియ్యి, ఇయ్యాల నీళ్లు పారకుంటే చేను దక్కదు."

"కొత్తదేసినా గంటల వంగుతది. ఇది నెట్టే వాల్వే పట్టేసింది. ముందు ఇంజను మీది హెడ్డు ఇప్పి తే."

"ఇప్పనీకి రాదు నాకు. నువ్వే రారాదె?"

ఖాజా విప్పి ఉన్న మూడు ఇంజన్ల వైపు చూపించాడు.

జమ్ములమ్మ బల్లమీది పానా తీసుకుని బస్టాండుకు పరుగెత్తింది.