వీరుడి పక్కన తాపీ

నేను ఒక తాపీని. హాయిగా గోడలకు సున్నం మెత్తుకోవాల్సిన దాన్ని, రాత బాగోలేక సమాధుల పాలయ్యాను. గుంటూరు కమ్మరి కొలిమిలో పుట్టి మా ఆండాళమ్మ చేతికొచ్చాను. తెల్లదొరల కాలంలో ఆమె భర్త అప్పలాచార్యులుగారు తవ్వకాల అధికారి. అధికారం ఆయనది, తవ్వకం ఈమెది. ఆయన గొడుగు కింద కాఫీ తాగుతుంటే ఈమె కొంగు బిగించి గుంటలోకి దిగేది. ఎముకలు ముట్టుకున్న మైలమనిషని అత్తగారు వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. ఆమెకు విస్తరి కూడా వాకిట్లోనే.

పల్నాటి కొండల దగ్గర పెద్ద బండలు పేర్చి కట్టిన పాతకాలపు సమాధులున్నాయి. రాకాసి గుళ్ళంటారు. ఒకదాని మూతబండ జరపగానే, మిట్టమధ్యాహ్నం ఎండలో, లోపలినుంచి చల్లటి గాలి మొహాన కొట్టింది. "లోపల ఎవురో ఊపిరి తీస్తన్నారమ్మగోరూ!" అంటూ కూలీలు పలుగులు పారేసి పరుగెత్తారు. ఆండాళమ్మ నన్ను పుచ్చుకుని ఒక్కతే దిగింది.

లోపల ఒక అస్థిపంజరం, పక్కనే కత్తి. చుట్టూ మట్టిని నాతో మెల్లగా గీరి, తుంటి ఎముక బయటపడగానే కేకేసింది. "ఏమండీ, ఇది చూడండి, ఎంత వెడల్పుందో! ఈవిడ ఆడమనిషండీ."

"కత్తి పెట్టుకుని పడుకున్నది ఆడదెట్లా అవుతుందే, నీ పిచ్చిగానీ! వీరుడని రాసేశాను, అయిపోయింది," అన్నారాయన పైనుంచే.

ఆమెకు ఎంత కడుపు మండిందో నా పిడికి తెలుసు. అది నలిగిపోయేట్టు పట్టుకుంది మరి.

ఇంతలో వానలు ముంచుకొచ్చాయి. నాని మెత్తబడ్డ ఎముకల్ని పైకి తీస్తే పొడైపోతాయని, కత్తి ఒక్కటే తీసుకుని గుంట పూడ్చేయమన్నారు. పూడ్చేముందు తమ కాలపు వస్తువొకటి అడుగున వదలడం వీళ్ళ ఆచారం. తర్వాత తవ్వేవాళ్ళకు, ఇదివరకే ఇక్కడ ఎవరో చూశారని తెలియాలట. ఆచార్యులుగారు ఖాళీ సీసా ఇవ్వబోతే ఆండాళమ్మ వద్దని, నన్ను ఎముకల పక్కన పెట్టింది. "ఈవిడకి తోడుండవే," అంది.

తోడంటే మాటలా! నా కర్రపిడిని చెదలు తిన్నాయి. ఒళ్ళంతా తుప్పు. మన్ను మంచులా చల్లబడినప్పుడు కూడా ఆ ఎముకలు మాత్రం, ఇప్పుడే నిద్రపోయిన మనిషి ఒంటిలా, వెచ్చగా ఉండేవి. ఎందుకని నన్నడక్కండి. నాకూ భయమే.

ఏళ్ళకేళ్ళు గడిచాక కొత్తవాళ్ళెవరో వచ్చి మళ్ళీ తవ్వారు. గుర్తుకోసం వదిలిన నన్ను చూసి బల్లెం అన్నారు! ఛీ, నా జాతిలో ఎవరైనా ఎవర్నైనా పొడిచారా? ఇద్దరినీ తెచ్చి మ్యూజియంలో అద్దాలపెట్టెలో పెట్టి, "వీరుడు, అతని బల్లెం" అని అట్టముక్క నిలబెట్టి తాళం వేశారు.

మొన్నీమధ్య ఒక ముసలామె వచ్చి అద్దం మీద చెయ్యి ఆనించింది. ఆ చేతిని నేను ఎరగనా! నా ప్రాణం లేచొచ్చింది.

"మామ్మగారూ, అద్దం ముట్టుకోబాకండి," అన్నాడు కాపలా కోటయ్య.

"ఈవిడ వీరుడు కాదు నాయనా, ఆడమనిషి. ఆ బల్లెం నా తాపీ."

"అట్టాగా! ఇంటికాడ జెప్పే వొచ్చావా మామ్మా?" అని నవ్వాడు.

ఆండాళమ్మ నవ్వలేదు. నుదురు అద్దానికి ఆనించి, ఎముకలతో మెల్లగా చెప్పింది. "నా మాట ఒక్కరూ వినలేదమ్మా. ఇక నీ సంగతి నువ్వే చూసుకో."

ఆమె మళ్ళీ రాలేదు. కానీ ఆ మర్నాటినుంచి, వేసిన తాళం వేసినట్టే ఉంటుంది, లోపల అట్టముక్క మాత్రం బోర్లా పడి ఉంటుంది. కోటయ్య రోజూ తలుపు తీసి, దాన్ని నిలబెట్టి, దండం పెట్టుకుంటూ నావైపు అనుమానంగా చూస్తాడు. పిచ్చివాడు! పిడి కూడా లేనిదాన్ని, నావల్ల ఏమవుతుంది? ఈ పెట్టెలో చేతులున్నది ఒక్కరికే.